గుమ్మంలో నెట్ ఆఫర్‌కి సరేననే ముందు

కాలింగ్ బెల్ మోగుతుంది. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్. "ఈరోజే లాస్ట్ సార్, రూటర్ ఫ్రీ." ఎండన పడి వచ్చినవాడు, మంచినీళ్లివ్వండి. ఓటీపీ మాత్రం ఇవ్వకండి. "ఊరికే చెక్ చేయడానికే సార్" అని అడిగే ఆ ఆరంకెలతోనే కేవైసీ పూర్తయి, కనెక్షన్ మీ పేరున నమోదైపోవచ్చు.

- ఇప్పుడున్న నెట్ నిజంగానే నెమ్మదా? రాత్రి తొమ్మిదింటికి ల్యాప్‌టాప్‌ని రూటర్‌కి లాన్ కేబుల్‌తో కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి అక్కడ 90 దాటుతూ, బెడ్‌రూమ్‌లో వైఫైకి 20 వస్తుంటే తప్పు కంపెనీది కాదు, గోడలది. మా ఇంట్లో రూటర్ ఇనప బీరువా వెనక ఉండేది. హాల్లోకి జరిపితే సగం గోల పోయింది.

- చెప్పే రేటుకి 18 శాతం జీఎస్టీ కలపండి. 499 అంటే కట్టేది 589. ఎన్ని నెలలు ఒకేసారి కట్టాలి, ఆఫర్ అయ్యాక రేటెంత, డేటా పరిమితి దాటితే స్పీడ్ ఎంతకు పడుతుంది... ఇవన్నీ వాట్సాప్‌లో రాసి పంపమనండి. సగంమంది అక్కడే మాయమవుతారు.

- అదే కంపెనీ వాడే పక్క ఫ్లాటువాళ్లని అడగండి: వైరు తెగితే ఎన్ని రోజులకొచ్చారు?

- డబ్బు కంపెనీ యాప్‌లోనే. ఆ కుర్రాడి నంబరుకి కాదు.

- కొత్తది పది రోజులు కుదురుగా నడిచాకే పాతది ఆపించండి. పాత రూటర్ తిరిగిచ్చేటప్పుడు రసీదు అడగండి. నేను అడగలేదు, డిపాజిట్ పోయింది.