సంచిక అచ్చుకి వెళ్ళేముందు

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దగ్గరపడితే మా విజయనగరం ప్రెస్సులకి తీరిక ఉండదు. ప్రత్యేక సంచికలు, కరపత్రాలు, శుభాకాంక్షల పేజీలు. బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాక ఆ ప్రూఫులు, అంటే అచ్చుకి ముందు తప్పులు చూడటానికి తీసే పేజీలు, నేను దిద్దుతున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు పేర్లు చూడండి, వ్యాసాలు తర్వాత. ఇంటిపేరు, ఊరిపేరు, ఫోటో కింది పేరు రాతప్రతితో అక్షరం అక్షరం పోల్చండి. వ్యాసంలో 'శతాబ్ది' కాస్తా 'శతాబ్ధి' అయితే పాఠకుడు మొహం చిట్లించి పేజీ తిప్పేస్తాడు. వర్ధంతి ప్రకటనలో తండ్రి పేరు తప్పు పడితే కొడుకు ఆ కాగితం పట్టుకుని ప్రెస్సుకే వస్తాడు. ఆ కోపం న్యాయమైనది.

తర్వాత ఒత్తులు. థ కడుపులో చుక్క ఉంటుంది, ధ కడుపులో ఉండదు. విద్యార్థికి, ప్రార్థనకి చుక్క కావాలి. వర్ధంతికి, శ్రద్ధాంజలికి అక్కర్లేదు. 'ధ్రువపత్రం' సరైనది, 'ధృవపత్రం' ఎన్ని బోర్డుల మీద కనిపించినా సరే. ప్రెస్సుల్లో టైపుకి వాడే, యూనికోడ్ కాని అనూ ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చిన పేజీలైతే మొదటినుంచీ మళ్ళీ చదవాలి, అక్షరాలు చెదురుతాయి.

చదవడానికి ఇద్దరు కావాలి. ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే రెండోవారు ప్రూఫు చూడాలి. రాసినవారినే ప్రూఫు చూడమనకండి, తను రాయాలనుకున్నదే ఆయన కంటికి కనిపిస్తుంది. పెద్దక్షరాల శీర్షికలు ఆఖర్న మరోసారి చూడండి.

దిద్దకూడనివీ ఉన్నాయి. కథలో సంతకొచ్చిన ఆడమనిషి "ఏటి, ఆడెల్లిపోనాడా?" అంటే అలాగే ఉంచాలి. 'ఏమిటి, వాడు వెళ్ళిపోయాడా' అని మార్చితే ఆవిడ నోరు నొక్కినట్టే. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అయితే వాడుకభాష పేరు చెప్పి అక్షరదోషాలు వదిలేసేవాళ్ళని నేను ఒప్పుకోను. అవి వేరు, ఇది వేరు.

ఇంత చేసినా తప్పు దొర్లి ఎవరైనా ఫోన్ చేస్తే వాదించకండి. పేజీ, వరుస అడిగి రాసుకోండి. పంచని ప్రతులుంటే తప్పొప్పుల చీటీ అంటించండి. పేరు తప్పైతే చీటీ చాలదు, ఆ పేజీ మళ్ళీ వేయాల్సిందే. ఆ ఖర్చు ఎవరిదో ఆర్డరు తీసుకున్నప్పుడే మాట్లాడుకుని, ఆఖరి ప్రూఫు మీద ఆర్డరిచ్చినవారి చేత సంతకం పెట్టించుకోండి.