ఇంటి టీవీకి మంచి శబ్దం – 2వ పాఠం: తక్కువ ధరలో సౌండ్‌బార్ ఎంచుకోవడం

మొదటి పాఠం చివర టీవీ వెనక, పక్కన ఉన్న సాకెట్లన్నీ చూసి కాగితం మీద రాసుకోమన్నాం. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఈ పాఠంలో సగం నిర్ణయాలు దాన్ని బట్టే ఉంటాయి. పాఠం పూర్తయ్యేసరికి పదివేల రూపాయల్లో, లేదా ఇంకో రెండు మూడు వేలు అటూ ఇటూగా, మీ ఇంటికి ఎలాంటి సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టే పొడుగాటి స్పీకర్, ఇకపై బార్ అందాం) సరిపోతుందో మీరే తేల్చుకోగలగాలి. మోడళ్ల పేర్లు చెప్పడం లేదు. ఈ ధరలో మోడళ్లు తొందరగా మారిపోతాయి. ఏ డబ్బా చేతికిచ్చినా పరీక్షించి చూడగలిగితే పేర్లతో పనిలేదు.

ముందు మీ ఫిర్యాదు ఏమిటి?

"టీవీ సౌండ్ బాలేదు" అనే మాటలో రెండు వేర్వేరు లోపాలు కలిసి ఉంటాయి. ఒకటి, మాటలు సరిగ్గా తెలియకపోవడం. రెండోది, పాటల్లో, ఫైట్లలో బేస్ లేకపోవడం. దేనికి మందు దానిదే. ఈ తేడా తేల్చుకోకుండా షాపుకెళితే, మాటలు వినపడక బాధపడే ఇంటికి పెద్ద సబ్‌వూఫర్ (బేస్ కోసం విడిగా ఉండే స్పీకర్ పెట్టె) ఉన్న సెట్ వస్తుంది. అప్పుడు మాటలు ఇంకా మునిగిపోతాయి.

మాటలు ఎందుకు తెలియవంటే, ఇప్పటి పలుచటి టీవీల్లో స్పీకర్లు ఎక్కువగా కింది వైపుకో, వెనక గోడ వైపుకో తిరిగి ఉంటాయి. క, చ, త, ప, స, శ లాంటి హల్లులను విడివిడిగా గుర్తుపట్టడానికి కావలసిన శబ్దం చాలావరకు 2,000 హెర్ట్జ్‌కి (సెకనుకి ఎన్ని కంపనాలో చెప్పే లెక్క, అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నగా ఉంటుంది) పైన ఉంటుంది. ఆ శబ్దం టార్చిలైటు వెలుగులా స్పీకర్ ఎటు చూస్తే అటే పోతుంది. కిందికి పోయిన శబ్దం బల్లకీ గోడకీ కొట్టుకుని, బలం తగ్గి చెవికి చేరుతుంది. అచ్చులు మాత్రం బాగానే వినిపిస్తాయి కాబట్టి గొంతు గట్టిగా ఉన్నట్టే ఉంటుంది, పదం మాత్రం పట్టుబడదు. వాల్యూమ్ పెంచినా లాభం లేకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడొక పరీక్ష చేయండి. రోజూ కూర్చునే చోటే కూర్చుని, మామూలు వాల్యూమ్‌లో ఏదైనా తెలుగు వార్తల ఛానెల్ పది నిమిషాలు వినండి. వార్తలు చదివేవారి మాట కూడా తేటగా లేదంటే లోపం స్పీకర్లలోనో గదిలోనో ఉంది. లోపం స్పీకర్లదైతే, మీ వైపు తిరిగిన స్పీకర్లున్న ఏ చిన్న బార్ పెట్టినా వెంటనే తేడా తెలుస్తుంది, సబ్‌వూఫర్ అక్కర్లేదు. వార్తలు తేటగా ఉండి, ఓటీటీలో సినిమా డైలాగులు మాత్రమే తెలియడం లేదంటే కథ వేరు. ఆ సినిమా 5.1 ఆడియోలో (చుక్క ముందున్నది స్పీకర్ల లెక్క, తర్వాతది సబ్‌వూఫర్) వస్తూ ఉండొచ్చు. అందులో మాటలకు నడిమి ఛానెల్ విడిగా ఉంటుంది. టీవీ ఆ మొత్తాన్ని రెండు స్పీకర్లలోకి కుదించినప్పుడు మాట, నేపథ్య సంగీతం, పేలుళ్లు అన్నీ ఒకే చోట ఇరుక్కుంటాయి. కొనడానికి ముందు యాప్‌లో భాష పక్కన 5.1 అని లేని ఆడియో ఉంటే దానికి మార్చి చూడండి. టీవీ సౌండ్ సెట్టింగుల్లో రాత్రి మోడ్ గానీ, మాటల్ని పెంచే మోడ్ గానీ ఉంటే ఆన్ చేయండి. వీటితోనే సరిపోయిన ఇళ్లు ఉంటాయి, డబ్బు మిగులుతుంది. సరిపోకపోతే మీరు వెతకాల్సింది నడిమి స్పీకర్ ఉన్న 3.1 బార్, అది బడ్జెట్‌కి మించితే వాయిస్ మోడ్ బటన్ ఉన్న 2.1.

బేస్ సంగతి. శబ్దం హెర్ట్జ్ అంకె సగానికి తగ్గిన ప్రతిసారీ అంతే గట్టిగా వినిపించాలంటే స్పీకర్ కోన్ నాలుగు రెట్లు దూరం ముందుకూ వెనక్కూ కదలాలి. బార్‌లో ఉండే రెండంగుళాల స్పీకర్లు 100 హెర్ట్జ్ దగ్గరకొచ్చేసరికి అలసిపోతాయి. డప్పు, తబలా డగ్గా, పేలుడు ఇవన్నీ దానికి ఇంకా కిందికి పోతాయి. బేస్ మీ ఫిర్యాదు అయితే విడి సబ్‌వూఫర్ ఉన్న 2.1 తప్ప దారి లేదు. "డీప్ బేస్" అని రాసి ఉన్న ఒంటి బార్లు 100, 150 హెర్ట్జ్ మధ్య భాగాన్ని ఉబ్బించి బేస్ అనిపిస్తాయి. మగవాళ్ల గొంతు మొదలయ్యేది కూడా అక్కడే కాబట్టి మాట బొంగురుగా మారుతుంది.

డబ్బా మీది వాట్లు

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, అందుకే కాస్త నెమ్మదిగా చదవండి. పీఎంపీఓ (ఒక్క క్షణం వచ్చే గరిష్ఠ శక్తి అని చెప్పుకునే అంకె) అని రాసి ఉంటే ఆ అంకెను పూర్తిగా వదిలేయండి, దానికి కొలత పద్ధతే లేదు. ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే శక్తి) అని రాసి ఉన్నా కింద చిన్న అక్షరాలు చూడాలి. 10 శాతం వక్రీకరణ దగ్గర కొలిచామని ఉంటే, ఆ స్థాయిలో శబ్దం చెదిరిపోయి ఉంటుందని అర్థం.

అసలు సంగతి అడాప్టర్ చెబుతుంది. దాని మీద అవుట్‌పుట్ అని రాసి ఉన్న వోల్టులను ఆంపియర్లతో గుణించండి. 18 వోల్టులు, 2 ఆంపియర్లు ఉంటే 36 వాట్లు. డబ్బా మీద 120 అని రాసి ఉన్నా, లోపలికి వచ్చేదే 36 వాట్లయినప్పుడు నిలకడగా బయటికి ఇచ్చేది అంతకంటే తక్కువే ఉంటుంది. లోపలి కెపాసిటర్లు ఒక్క క్షణం ఎక్కువ ఇవ్వగలవు, అంతే. అడాప్టర్ లేకుండా నేరుగా కరెంటు తీగ ఉన్న బార్ అయితే వెనక అతికించిన స్టిక్కర్ మీద ఎన్ని వాట్లు వాడుతుందో చూడండి. ఆ అంకె మాత్రం సాధారణ వాడకానికి ఇచ్చినదై ఉండొచ్చు కాబట్టి అడాప్టర్ లెక్కంత కచ్చితం కాదు.

అయితే 36 వాట్లు తక్కువని దిగులుపడనక్కర్లేదు. చిన్న స్పీకర్ కూడా ఒక వాట్‌కి మీటరు దూరంలో 80 డెసిబెల్స్ దాకా ఇస్తుంది. మనం మామూలుగా మాట్లాడుకునే శబ్దం 60 దగ్గర ఉంటుంది. ఎనిమిది, తొమ్మిది అడుగుల దూరంలో కూర్చుని చూసే హాలుకి నిజమైన 30, 40 వాట్లు చాలు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెండింతలు గట్టిగా అనిపించాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. కాబట్టి 80 వాట్ల బార్‌కీ 100 వాట్ల బార్‌కీ మధ్య తేడా ఒక్క డెసిబెల్, మీకు వినపడదు. దానికోసం వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టకండి.

ఏ సాకెట్‌తో కలపాలి

మీ కాగితం చూడండి. టీవీ హెచ్‌డీఎంఐ సాకెట్లలో ఒకదాని పక్కన ఏఆర్‌సీ (ARC) లేదా ఈఏఆర్‌సీ (eARC) అని ఉందా? టీవీ శబ్దాన్ని బార్‌కి పంపే సాకెట్ అదే. ఉంటే బార్‌లో కూడా అదే ఉండేలా కొనండి, ఇందులో రాజీ వద్దు. ఒకే తీగతో శబ్దం వస్తుంది, టీవీ రిమోట్‌తోనే బార్ వాల్యూమ్ మారుతుంది, టీవీ ఆపితే బార్ ఆగుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు రెండో రిమోట్ బాధ ఉండదు. కేబుల్ లేదా డీటీహెచ్ బాక్సును మామూలుగా టీవీకే కలిపి ఉంచండి, దాని శబ్దం కూడా ఈ దారినే బార్‌కి పోతుంది. తీగను ఏఆర్‌సీ లేని పక్క సాకెట్‌లో పెడితే శబ్దం అసలు రాదు. సరైన దాంట్లో పెట్టినా రాకపోతే టీవీ సెట్టింగుల్లో సీఈసీ (టీవీ, బార్ ఒకదాన్నొకటి అదుపు చేసుకునే సౌకర్యం) ఆఫ్‌లో ఉందేమో చూడండి. దాన్ని సామ్‌సంగ్ ఎనీనెట్ ప్లస్ అనీ, ఎల్‌జీ సింప్‌లింక్ అనీ, సోనీ బ్రావియా సింక్ అనీ పిలుస్తాయి. మీటరు, మీటరున్నర మామూలు హెచ్‌డీఎంఐ తీగ చాలు, బంగారు పూత చూసి ఎక్కువ ధర పెట్టనక్కర్లేదు.

ఏఆర్‌సీ లేని టీవీకి ఆప్టికల్ (శబ్దాన్ని కాంతిగా పంపే సన్నని తీగ) మంచి దారి. శబ్దం నాణ్యతలో లోటుండదు, కానీ సాధారణంగా వాల్యూమ్‌కి బార్ రిమోటే వాడాలి. రెండు పొరపాట్లు ఇక్కడ తరచుగా జరుగుతాయి. తీగ రెండు కొసలకూ ఉండే చిన్న ప్లాస్టిక్ మూతలు తీయకుండా గుచ్చడం ఒకటి. రెండోది, చవక బార్లలో చాలావాటికి డాల్బీ డీకోడర్ (డాల్బీ పద్ధతిలో కుదించిన శబ్దాన్ని విప్పే భాగం) ఉండదు. టీవీ డాల్బీ సిగ్నల్ పంపితే బార్ మూగబోతుంది, లేదా గరగరమంటుంది. టీవీ డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ని పీసీఎం‌కి (డీకోడర్ అక్కర్లేని మామూలు డిజిటల్ శబ్దం) మార్చితే శబ్దం వస్తుంది.

బ్లూటూత్‌ని ఫోన్ పాటలకు ఉంచుకోండి. టీవీకి వాడితే శబ్దం ఆలస్యమై, పెదవులు ముందు కదిలి మాట తర్వాత వస్తుంది. శబ్దం 125 మిల్లీసెకన్లు వెనకబడితే చూసేవాళ్లు గుర్తుపడతారని ప్రసార రంగంలో అంగీకరించిన లెక్క. మామూలు బ్లూటూత్ ఆ గీత తేలిగ్గా దాటుతుంది. ఇక బార్ మీద యూఎస్‌బీ రంధ్రం చూసి టీవీకి కలపొచ్చు అనుకోకండి, అది సాధారణంగా పెన్‌డ్రైవ్ పాటలకు పెట్టింది.

అట్మాస్, వర్చువల్ సరౌండ్

అట్మాస్ (పై నుంచి కూడా శబ్దం వచ్చేలా చేసే డాల్బీ పద్ధతి), వర్చువల్ సరౌండ్ (ముందున్న స్పీకర్లతోనే చుట్టూ శబ్దం ఉన్నట్టు అనిపించడం) అనే ఈ మాటల కోసం ఈ ధరలో డబ్బు పెట్టొద్దని మా సలహా. అట్మాస్ శబ్దం పై నుంచి రావాలంటే పైకి చూసే స్పీకర్లు ఉండాలి, అవి చదునైన గట్టి సీలింగ్‌కి తగిలి కిందికి రావాలి. ఫ్యాను తిరిగే, మెట్లు మెట్లుగా పీఓపీ చేయించిన హాల్లో చవక బార్ ఆ పని చేయలేదు. అదే డబ్బుతో నడిమి స్పీకర్ గానీ మంచి సబ్‌వూఫర్ గానీ వచ్చే బార్ తీసుకుంటే ప్రతి రోజూ పనికొస్తుంది. ఆప్టికల్ ద్వారానైతే అట్మాస్ అసలు రాదు.

టేపు పట్టుకుని కొలవాల్సినవి

టీవీ బల్ల మీద కాళ్లతో ఉంటే, కింది అంచుకీ బల్లకీ మధ్య ఎత్తు కొలవండి. చాలా బార్లు 5.5 నుంచి 7 సెంటీమీటర్ల ఎత్తుంటాయి. బార్ ఎత్తు మీరు కొలిచిన ఖాళీ కంటే ఎక్కువైతే టీవీ రిమోట్ సెన్సర్‌కి అడ్డుపడుతుంది. టీవీ కాళ్ల మధ్య దూరం కూడా రాసుకోండి. వెడల్పు విషయంలో, 43 అంగుళాల టీవీ సుమారు 96 సెంటీమీటర్లు ఉంటుంది, 90 సెంటీమీటర్ల బార్ దాని కింద చక్కగా అమరుతుంది. 32 అంగుళాల టీవీ 72 సెంటీమీటర్లే కాబట్టి అదే బార్ రెండు వైపులా పొడుచుకొస్తుంది. షోకేసు అరలో పెట్టాల్సి వస్తే బార్ ముందు అంచు అర అంచుతో సమంగా రావాలి, లోపలికి తోస్తే మాట మళ్లీ బొంగురవుతుంది.

గదిలో చప్పట్లు కొట్టి చూడండి. టైల్స్ నేల, ఖాళీ గోడలు ఉన్న హాల్లో చప్పుడు జరజరమని సాగుతుంది. అలాంటి గదిలో ఎంత మంచి బార్ పెట్టినా మాట చెదురుతుంది. టీవీకీ సోఫాకీ మధ్య మందపాటి జంపఖానా పరిచి, కిటికీకి బరువైన కర్టెన్ వేస్తే తేడా మీకే వినిపిస్తుంది.

షాపులో పది నిమిషాలు

అమ్మేవాళ్లు పెట్టే పాట వినకండి, అది బేస్ కోసం ఎంచుకున్నది. మీ ఫోన్ నుంచి వార్తల వీడియో ఒకటి పెట్టి ఎనిమిది అడుగుల దూరంలో నిలబడి వినండి. తర్వాత మీకు బాగా తెలిసిన పాట పెట్టి వాల్యూమ్ ముప్పావు వంతుకి పెంచండి. బార్ గలగలమని మోగితే అది వద్దు. రిమోట్ మీద బేస్, ట్రెబుల్ విడిగా తగ్గించే బటన్లు ఉండాలి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే సబ్‌వూఫర్‌ని విడిగా తగ్గించగలగడం తప్పనిసరి, కింది ఇంటివాళ్లకు నేల గుండా వెళ్లేది అదే. వాల్యూమ్ అంకె చూపే డిస్‌ప్లే ఉంటే మేలు, రంగు లైట్లు మెరిసే బార్లతో ఎంతలో ఉందో తెలియక విసుగొస్తుంది. కొన్ని బార్లు తక్కువ వాల్యూమ్‌లో శబ్దమే లేదనుకుని కాసేపటికి వాటంతట అవే ఆగిపోతాయి. ఆ ఆటో ఆఫ్‌ని తీసేసే వీలుందా అని అడగండి. వారంటీలో అడాప్టర్, సబ్‌వూఫర్ కూడా ఉన్నాయా, సర్వీస్ సెంటర్ మీ జిల్లాలో ఉందా అన్నవి బిల్లు కట్టకముందే అడిగి రాసుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు ముగిసేదాకా డబ్బా, థర్మాకోల్ పారేయకండి.

అభ్యాసం

మీ బడ్జెట్‌లో ఉన్న మూడు బార్లు ఎంచుకోండి. ఒక్కోదానికి అడాప్టర్ లెక్క ప్రకారం వాట్లు, ఏఆర్‌సీ ఉందో లేదో, ఎత్తు, వెడల్పు, బేస్ విడిగా మార్చే వీలు ఈ ఐదూ ఒక వరుసలో రాయండి. ఏఆర్‌సీ టీవీకి ఉండి బార్‌కి లేకపోతే దాన్ని కొట్టేయండి. మిగిలినవాటిలో వార్తల పరీక్షలో తేలిన మీ ఫిర్యాదుకి సరిపడేదాన్ని గుర్తుపెట్టండి. 3వ పాఠంలో బార్‌ని గోడకు బిగించడం, సబ్‌వూఫర్‌కి చోటు వెతకడం చేస్తాం. దానికి టేపు, స్పిరిట్ లెవెల్, 6 మిల్లీమీటర్ల కాంక్రీట్ బిట్ ఉన్న డ్రిల్ సిద్ధం చేసుకోండి.