1911 పిస్టల్‌లో కొత్త భాగం వేశాక మొరాయిస్తుంటే

ప్యాకెట్ మీద ‘డ్రాప్ ఇన్’ అని ఉన్నా 1911కి చాలా భాగాలు అలా నేరుగా కూర్చోవు. ఈ పిస్టల్‌ను ఎన్నో కంపెనీలు తయారుచేస్తున్నాయి, ఒక్కొక్కరి కొలతలు ఒక్కో విధంగా ఉంటాయి. భాగం లోపలికి దూరింది కదా అని పని అయిపోయిందనుకోకూడదు. ఇక్కడ చెప్పేదంతా .45 ఏసీపీ రకం తూటా వాడే, 5 అంగుళాల బ్యారెల్ (గొట్టం) మోడల్ గురించి.

ముందు చట్టం సంగతి. అమెరికాలో సొంత పిస్టల్‌కు స్ప్రింగులూ చిన్న భాగాలూ మార్చుకోవడం మామూలు విషయమే. కానీ హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాను గానీ దగ్గర ఉంచుకోవడాన్నే అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం మరమ్మతు చేయాలంటే దానికి వేరే లైసెన్సు కావాలి. కాబట్టి ఇక్కడ ఇంట్లో ఈ పని పెట్టుకోకండి.

పనికి కూర్చునే ముందు మ్యాగజైన్ తీసి, స్లైడ్ (పిస్టల్ మీద ముందుకూ వెనక్కీ జరిగే పై భాగం) వెనక్కి లాగి, ఛాంబర్‌ను (పేలే ముందు తూటా కూర్చునే చోటు) కంటితో చూసి, వేలితో తడిమి ఖాళీగా ఉందని నిర్ధారించుకోండి. అసలు తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. ఇంట్లో చేసే పరీక్షల్లో తూటా కావాల్సి వస్తే డమ్మీ (మందు లేని) తూటాలే వాడాలి. కళ్లద్దాలు పెట్టుకోండి. రీకాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ను తిరిగి ముందుకు నెట్టేది) ముందుండే ప్లగ్ వేలు జారితే నేరుగా మొహానికే వచ్చి తగులుతుంది. ఒకసారికి ఒక్క భాగమే మార్చండి. మూడు కలిపి మారిస్తే తప్పు ఎక్కడుందో పట్టుకోలేరు.

పేల్చిన కేసు (తూటా ఖాళీ తొడుగు) బయటికి పోకుండా స్లైడ్‌లో నిలువుగా ఇరుక్కుంటోంది

దీనికి ప్రధానంగా రెండు కారణాలు. ఆఖరి తూటా తర్వాత స్లైడ్ వెనక ఆగుతోందా అన్నది చూడండి. మంచి మ్యాగజైన్‌తో కూడా ఆగకపోతే స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లడం లేదన్నమాట. ఈ మోడల్‌కు మామూలు రీకాయిల్ స్ప్రింగ్ 16 పౌన్లది. గట్టిగా ఉంటే మంచిదని 18.5 పౌన్లది వేసి తక్కువ మందు తూటాలు వాడితే సరిగ్గా ఇలాగే జరుగుతుంది. 16 పౌన్లదే తిరిగి వేయండి.

స్లైడ్ చక్కగా ఆగుతూ, కేసులు మాత్రం ఒకటి అటు, ఒకటి ఇటు, ఒకటి మొహం మీదికి పడుతుంటే ఎక్స్‌ట్రాక్టర్ (కేసు అంచును పట్టి ఛాంబర్ నుంచి లాగే కొక్కెం ఉన్న కడ్డీ) పట్టు చాలడం లేదు. 1911లో దీనికి విడిగా స్ప్రింగ్ ఉండదు, కడ్డీయే వంగి స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. స్లైడ్ విప్పి, బ్యారెల్ తీసి, డమ్మీ తూటా అంచును కింది నుంచి కొక్కెం కిందికి జరపండి. స్లైడ్‌ను నెమ్మదిగా ఊపితే తూటా అక్కడే ఉండాలి, గట్టిగా కుదిపితే జారిపోవాలి. ఊరికే పడిపోతే పట్టు తక్కువ. బొటనవేలితో బలంగా నెట్టినా ఎక్కకపోతే పట్టు ఎక్కువ, అప్పుడు స్లైడ్ మూసుకోవడానికి కొద్ది దూరంలో ఆగిపోతుంటుంది.

సరిచేయడానికి వేరే పనిముట్టు అక్కర్లేదు. ఎక్స్‌ట్రాక్టర్ ముందు కొసను స్లైడ్ వెనక ఉన్న దాని రంధ్రంలోనే కొంచెం దూర్చి, పక్కకు నొక్కి వంచండి. కొక్కెం లోపలికి వంగితే పట్టు పెరుగుతుంది, బయటికి వంగితే తగ్గుతుంది. వెంట్రుకవాసి వంచి, పెట్టి, మళ్లీ పరీక్షించండి. నాలుగైదు సార్లు పట్టవచ్చు, అది మామూలే. స్ప్రింగ్ స్టీలుతో చేసిన ఎక్స్‌ట్రాక్టర్ అయితేనే ఈ వంపు నిలుస్తుంది. చవకరకం వంగినట్టే వంగి కొన్ని వందల తూటాలకు మళ్లీ వదులవుతుంది.

పట్టు సరిగ్గా ఉన్నా తేడా ఉంటే స్లైడ్‌ను వెనక నుంచి చూడండి. ఎక్స్‌ట్రాక్టర్ తన ఇరుసు మీద తిరిగి వాలి కనిపిస్తే ఫైరింగ్ పిన్ స్టాప్ (ఫైరింగ్ పిన్‌నూ ఎక్స్‌ట్రాక్టర్‌నూ వెనక నుంచి పట్టి ఉంచే పలక) వదులుగా ఉంది. కాస్త పెద్ద కొలత స్టాప్ కొని, ఆకురాయితో కొద్దికొద్దిగా రాస్తూ బిగువుగా కూర్చోబెట్టాలి. 1983లో వచ్చిన కోల్ట్ కంపెనీ సిరీస్ 80 పిస్టళ్లకు ఫైరింగ్ పిన్‌ను అడ్డగించే ప్లంజర్ ఉంటుంది కాబట్టి దాని కోసం గాడి ఉన్న ఎక్స్‌ట్రాక్టరే తీసుకోండి.

కొత్త థంబ్ సేఫ్టీ (బొటనవేలితో పైకి లేపితే పిస్టల్ పేలకుండా ఆపే మీట) పైకి లేవడం లేదు

ఇది లోపం కాదు. సేఫ్టీ లోపలి బొడిపెను మీ పిస్టల్‌కు తగ్గట్టు రాసుకోవాలనే కాస్త ఎక్కువ లోహం వదిలి అమ్ముతారు. బొడిపెకు మార్కర్‌తో నల్లరంగు పూసి, హ్యామర్ వెనక్కి పెట్టి, సేఫ్టీని పైకి నొక్కి చూడండి. రంగు చెరిగిన చోటే సియర్‌కు (హ్యామర్‌ను వెనక పట్టి ఉంచి, ట్రిగ్గర్ నొక్కితే వదిలే ముక్క) తగులుతోంది. అక్కడ సన్నని ఆకురాయితో రెండే రెండు సార్లు రాసి, తుడిచి, మళ్లీ చూడండి. బిగువుగా పైకి లేచిన క్షణంలో ఆపేయాలి. ఎక్కువ అరిగితే సేఫ్టీ పైకీ కిందికీ హాయిగా కదులుతుంది గానీ సియర్‌ను ఆపదు. పైకి బాగున్నట్టు కనిపించే ఈ తప్పే అన్నిటికన్నా ప్రమాదం.

పరీక్ష ఇలా: ఖాళీ పిస్టల్, హ్యామర్ వెనక్కి, సేఫ్టీ పైకి. పిడి గట్టిగా పట్టుకుని ట్రిగ్గర్ బలంగా నొక్కి వదలండి. సేఫ్టీ దించండి. హ్యామర్ పడకూడదు. ఇప్పుడు హ్యామర్‌ను బొటనవేలితో ఇంకాస్త వెనక్కి లాగుతూ చెవి పెట్టి వినండి. సన్నగా ‘టిక్’ మంటే సియర్ జరిగిందన్నమాట. ఆ సేఫ్టీ పారేసి కొత్తది తెచ్చుకోండి.

మ్యాగజైన్‌లో తూటాలుండగానే స్లైడ్ వెనక ఆగిపోతోంది

మొదట మీ బొటనవేలు స్లైడ్ స్టాప్‌ను (స్లైడ్‌ను వెనక ఆపే మీట) తోస్తోందేమో గమనించండి. కాకపోతే స్టాప్ లోపలి ముక్కు తూటా కొనకు తగులుతోంది. దాని మీద రాగి మరక కనిపిస్తుంది, ఆ మరక ఉన్నచోటే కొద్దిగా రాయాలి.

స్లైడ్ మూసుకోగానే హ్యామర్ దానితోపాటే ముందుకు వస్తోంది

ఇక్కడ ఆగండి. మూడు ఆకుల సియర్ స్ప్రింగ్‌లో ఎడమ ఆకు సియర్ వెనకే కూర్చుందా అని మాత్రం చూసుకోండి. అది సరిగ్గానే ఉంటే సియర్‌నో హ్యామర్ గాడినో రాయడానికి పూనుకోవద్దు. అది గన్‌స్మిత్ పని.

రేంజ్‌లో మొదటిసారి మ్యాగజైన్‌లో ఒక్క తూటాయే వేయండి. తర్వాత రెండు. ఒక్క నొక్కుకు రెండూ పేలితే పిస్టల్‌ను ఖాళీ చేసి పెట్టెలో పెట్టేయండి. అలా జరగకుండా పది పదిహేను సార్లు రెండేసి తూటాలు పేల్చాకే మ్యాగజైన్ నింపండి.