అనుమానం ఉంటే అరుగు దిగండి

ఓట్ల లెక్కింపు అయిన మరునాడు మా వీధి అరుగు మీద పంచాయితీ మొదలవుతుంది. "యంత్రాల్లో ఏదో చేశారు" అంటాడొకాయన. "మనం వేశామే గానీ అవి పడ్డాయా?" అంటాడింకొకాయన. టీ గ్లాసులు ఖాళీ కాగానే ఎవరిళ్లకు వాళ్లు వెళ్తారు. బడిపంతులుగా నాలుగు ఎన్నికల్లో ప్రిసైడింగ్ అధికారిగా పనిచేశాను. అనుమానించడాన్ని తప్పుపట్టను. అయితే దానికో వేళ, ఓ కాగితం ఉంటాయి.

ముసాయిదా ఓటరు జాబితా రాగానే మీ పేరు ఒక్కటే వెతుక్కోకండి, వీధంతా చదవండి. కొత్త పేరుకు ఫారం 6, పోయినవాళ్ల పేరు తీయించడానికి 7, తప్పులకు 8. రసీదు అడిగి తీసుకోండి.

పోలింగ్ ఏడింటికైతే మాక్ పోల్ ఐదున్నరకే. కనీసం 50 ఓట్లు వేసి, లెక్క సరిచూసి, యంత్రాన్ని సున్నాకు తెచ్చి, ఓటు ఎవరికి పడిందో చీటీ అచ్చువేసి చూపే వీవీప్యాట్‌లోని చీటీలు తీసేస్తారు. యంత్రాన్ని కళ్లారా పరీక్షించే అవకాశం అదే. బూత్‌లో మీ అభ్యర్థి తరఫున కూర్చునే ఏజెంటును ఆ వేళకు లేపి పంపండి. ఒకసారి నా బూత్‌కు ఆ వేళకు ఒక్కడే వచ్చాడు, వాడూ గోడకు ఆనుకుని కునుకు తీశాడు.

ఓటు వేశాక చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది. గుర్తు తేడాగా ఉంటే అక్కడే చెప్పండి. రాతపూర్వకంగా ప్రకటన తీసుకుని ఏజెంట్ల ఎదుట పరీక్ష ఓటు వేయిస్తారు. అబద్ధమని తేలితే శిక్ష ఉంటుంది కాబట్టి నిజంగా చూసినవాళ్లే నోరు తెరవండి. మీ పేరు మీద ఎవరో ముందే వేసేసి ఉంటే తిరిగి రాకండి, టెండర్ ఓటు అడగండి. కాగితపు బ్యాలెట్ ఇస్తారు. మామూలు లెక్కింపులో అది కలవదు, కోర్టుకు వెళ్తే మాత్రం సాక్ష్యమవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది సాయంత్రం. నేను టోటల్ నొక్కి, బూత్‌లో పడిన ఓట్ల లెక్క రాసే ఫారం 17సీ నింపేసరికి ఏజెంట్లు సగంమంది చెప్పుల్లో కాళ్లు పెట్టి "సంతకం ఎక్కడ సార్?" అంటారు. నకలు బల్ల మీదే వదిలేసి పోతారు. ఒక ఏడాది ఓ డిగ్రీ అమ్మాయి మాత్రం కదలలేదు. తెర మీది మొత్తం, ఓటర్ల రిజిస్టరులోని ఆఖరి వరుస సంఖ్య, కంట్రోల్ యూనిట్ నంబరు, కాగితపు సీలు నంబరు ఒక్కొక్కటే నోటుపుస్తకంలో రాసుకుంది. నాకు ఆకలి దంచేస్తోంది. "ఇంకెంతసేపమ్మా?" అని విసుక్కున్నాను కూడా. లెక్కింపు బల్ల దగ్గర అదే యంత్రం వచ్చిందా, అన్నే ఓట్లున్నాయా అని సరిచూడాలంటే ఆ అర పేజీ చేతిలో ఉండాలి.

ఫలితం వచ్చాక గడువులు పరుగెడతాయి. 2024 ఏప్రిల్ 26 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఏడు రోజుల్లోగా రుసుము కట్టి 5 శాతం యంత్రాల తనిఖీ కోరవచ్చు. హైకోర్టులో ఎన్నికల పిటిషన్‌కు 45 రోజులు. అభ్యర్థే వేయనక్కరలేదు, ఆ నియోజకవర్గపు ఓటరూ వేయవచ్చు. చట్టం అడిగే ధరావతు 2,000 రూపాయలు, వకీలు ఫీజు వేరే. అడిగినదంతా దక్కదు. 2019లో చంద్రబాబు సహా 21 పార్టీల నాయకులు సగం వీవీప్యాట్‌లు లెక్కించమన్నారు, అసెంబ్లీ స్థానానికి ఒకటి కాస్తా ఐదయింది.

మొన్న అరుగు మీది పెద్దమనిషి వచ్చి, "మాస్టారూ, ఆ 17సీ ఏదో ఇప్పించండి, కేసు వేద్దాం" అన్నాడు. గోడ మీది క్యాలెండర్ తీసి లెక్కపెట్టాను. ఆ రోజుకు అరవై రెండు.