లైట్ దగ్గర పడ్డ పురుగు క్లిక్ బీటిలేనా? ఇలా చూడండి

తొలకరి పడ్డాక వరండాలో ట్యూబ్‌లైట్ వేస్తే చాలు ఎక్కడెక్కడి పురుగులూ వచ్చి పడతాయి, వాటిల్లో గోధుమరంగులో సన్నగా పొడుగ్గా ఉండి, వెల్లకిలా పడితే "టక్" మని గాల్లోకి ఎగిరేది ఒకటుంటుంది చూడండి, అదే క్లిక్ బీటిల్. కుట్టదు, విషమూ లేదు, భయపడక్కర్లేదు.

ముందు దాన్ని నున్నటి గచ్చు మీద వెల్లకిలా పెట్టండి. చాలాసార్లు కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడుంటుంది, నాటకమే, కాస్త ఆగండి. టక్‌మని ఎగిరిందా, ఇంక డౌట్ లేదు. విచిత్రం ఏంటంటే ఎగరడానికి కాళ్లు వాడదు, ఛాతీ కింద వెనక్కి తిరిగిన ఒక ముల్లు ఉంటుంది, దాని వెనకే ఒక గుంట, ఒళ్లు వంచి ముల్లుని గుంట అంచున బిగబట్టి ఒక్కసారి వదిలేస్తుంది, ఆ చప్పుడూ ఎగురుడూ రెండూ దాన్నుంచే.

చచ్చిన పురుగైతే పైనుంచి చూడాలి. తలకీ రెక్కల డిప్పలకీ మధ్య ఒక గట్టి పలక ఉంటుంది కదా, దాని వెనక మూలలు రెండూ వెనక్కి మొనదేలి ఉంటాయి. నేనైతే ఫొటోలో ఫస్ట్ చూసేది అదే. మీసాలు చాలావాటికి రంపం పళ్లలా ఉంటాయి. రంగుని మాత్రం నమ్మకండి, గోధుమ, నలుపు, బూడిద, మెరిసే ఆకుపచ్చ కూడా ఉన్నాయి.

జ్యువెల్ బీటిల్ షేప్ కొంచెం ఇలాగే ఉంటుంది గానీ టక్‌మనదు, నేల మీద సర్రున పరిగెత్తే నల్లవి గ్రౌండ్ బీటిల్స్, అవి కరుస్తాయి కూడా. నారింజ నలుపు పట్టీలతో, పొట్టి రెక్కలతో చీమలా కనిపించే చిన్న పురుగు ఒంటి మీద వాలితే మాత్రం నలపొద్దు, ఊదేయండి, నలిపితే చర్మం కాలినట్టు బొబ్బలొస్తాయి.

పెరట్లో మట్టి తవ్వినప్పుడు పసుపు గోధుమ రంగులో, తీగముక్కలా గట్టిగా, నున్నగా ఉండే పిల్లపురుగు దొరికితే అది క్లిక్ బీటిల్‌ది కావచ్చు, వైర్‌వర్మ్ అంటారు. తెల్లగా మెత్తగా ముడుచుకుని ఉంటే అది వేరుపురుగు, వేరే జాతి. వైర్‌వర్మ్‌లలో కొన్ని మొక్కజొన్న విత్తనాల్నీ బంగాళాదుంపల్నీ తొలిచేస్తాయి, కొన్నేమో వేరే పురుగుల పిల్లల్ని తింటాయి, అందుకని ఒకటి రెండు కనిపించగానే మందు కొట్టేయకండి.

అమెరికాలో టెక్సాస్ నుంచి న్యూజెర్సీ దాకా ఉన్న మనవాళ్లకి బ్యాక్‌యార్డ్‌లో రెండు పెద్ద నల్ల కళ్లున్న పురుగు కనిపిస్తే కంగారు పడకండి, అది ఐడ్ క్లిక్ బీటిల్, 4.5 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఆ కళ్లు ఉత్త మచ్చలే, అసలు కళ్లు తల మీద చిన్నగా ఉంటాయి.

ఏ జాతో ఎవరినైనా అడగాలంటే పైనుంచి ఒకటి, కింద నుంచి ఒకటి ఫొటో తీయండి, పక్కన రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది.