కారు నేర్చుకున్నాను: ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

కాకినాడలో సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతుంటాను. బీకాం పిల్లలు, గల్ఫ్‌కు వెళ్లాలనుకునే నర్సులు, బట్టల షాపుల్లో పనిచేసేవాళ్లు, అన్ని రకాల వాళ్లూ వస్తారు. అందరి నోటా ముందుగా వినిపించే వాక్యాలు ఇవి: 'ఐ లెర్న్‌డ్ కార్', 'ఐ లెర్న్‌డ్ మెషీన్'. తెలుగులో అయితే వీటిని వేలెత్తి చూపడానికి లేదు. కారు నేర్చుకున్నానంటే నడపడమనీ, మిషను నేర్చుకున్నానంటే కుట్టడమనీ వినేవాళ్లే సర్దుకుంటారు. ఇంగ్లీషువాడు సర్దుకోడు. కారుతో ఏం చేయడం నేర్చుకున్నావో నోరు విప్పి చెప్పమంటాడు: 'ఐ లెర్న్‌డ్ టు డ్రైవ్', 'ఐ లెర్న్‌డ్ టు స్టిచ్'.

అందుకని నా క్లాసులో 'లెర్న్' అనే ముందు, మనసులో 'ఏం చేయడం?' అని తెలుగులోనే అడుక్కోమంటాను. చీర ఏం చేయడం? కట్టడం. 'లెర్న్ టు డ్రేప్ ఎ శారీ'. పూతరేకులు ఏం చేయడం? చుట్టడం, చేయడం. 'లెర్న్ టు మేక్ పూతరేకులు'. ఆ పేరును మాత్రం ఇంగ్లీషులోకి మార్చే ప్రయత్నం చేయకండి, చూడలేం.

మొన్నొక అమ్మాయి లేచి అడిగింది. "మరి మగ్గం వర్క్ నేర్చుకున్నాను మేడమ్. దానికీ టు పెట్టాలా?" అక్కర్లేదమ్మా. కారు వస్తువు, మగ్గం వర్క్ విద్య. విద్య పేరు చెబుతున్నప్పుడు 'లెర్న్' పక్కన నేరుగా పెట్టేయొచ్చు: 'లెర్న్ ఎంబ్రాయిడరీ', 'లెర్న్ అకౌంటింగ్', 'లెర్న్ హిందీ'. వస్తువులే అయినా వాయిద్యాలకు మాత్రం ఈ మినహాయింపు ఉంది: 'లెర్న్ ద వీణ', 'లెర్న్ ద వయొలిన్'. ఈతకు 'లెర్న్ స్విమ్మింగ్' అన్నా నడుస్తుంది, 'లెర్న్ టు స్విమ్' అంటే ఇంకా సహజంగా ఉంటుంది.

మధ్యలో 'హౌ' పెట్టి 'లెర్న్ హౌ టు డ్రైవ్' అన్నా తప్పు కాదు, దాదాపు అదే అర్థం. అలవాటు చేసుకోవడం, ఓర్చుకోవడం గురించి మాట్లాడేటప్పుడు మాత్రం 'హౌ' లేకుండానే బాగుంటుంది. కొత్త కోడలు అత్తగారి గురక మధ్య నిద్రపోవడం అలవాటు చేసుకుందనుకోండి, 'షి లెర్న్‌డ్ టు స్లీప్ త్రూ ఇట్'. పద్ధతి నేర్చుకోవడమేమీ లేదు అక్కడ, గత్యంతరం లేదు అంతే.

తర్వాతి చిక్కు 'దగ్గర'. 'మావయ్య దగ్గర నేర్చుకున్నాను' అన్నదాన్ని 'ఐ లెర్న్‌డ్ నియర్ మై అంకుల్' అంటారు. అంటే మావయ్య పక్కన నిలబడి నేర్చుకున్నట్టు, నేర్పింది ఇంకెవరో. 'ఫ్రమ్ మై అంకుల్' అనాలి. మావయ్య నేర్పాడు అనాలంటే 'లెర్న్' పనికిరాదు, 'మై అంకుల్ టాట్ మీ'. 'హి లెర్న్‌డ్ మీ' అని మాత్రం అనకండి.

ఇంకా నేర్చుకుంటూ ఉన్న విషయం చెప్పాలంటే ఎల్ఎల్ఆర్‌ను గుర్తుపెట్టుకోండి. అది 6 నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాకే పర్మనెంట్ లైసెన్స్ టెస్టుకు వెళ్లొచ్చు. బండికి ఎల్ బోర్డు ఉన్నన్నాళ్లూ మీరనాల్సింది 'ఐ యామ్ లెర్నింగ్ టు డ్రైవ్'. ఎన్నాళ్లుగా అని అడిగితే 'ఐ యామ్ లెర్నింగ్ సిన్స్ టూ మంత్స్' అని మనవాళ్లలో నూటికి తొంభై మంది అంటారు. 'ఐ హావ్ బీన్ లెర్నింగ్ ఫర్ టూ మంత్స్' అనండి. ఎంతకాలమో చెబితే 'ఫర్', ఎప్పుడు మొదలైందో చెబితే 'సిన్స్': 'సిన్స్ జూన్', 'సిన్స్ 2023'. లైసెన్స్ చేతికొచ్చాక ఇక 'లెర్నింగ్' వదిలేసి 'ఐ కెన్ డ్రైవ్' అనొచ్చు.

ఈ 'కెన్' దగ్గరే ఇంటర్వ్యూల్లో మన పిల్లలు నష్టపోతున్నారని నా అభిప్రాయం. 'డు యూ నో టాలీ?' అని అడిగితే 'ఐ లెర్న్‌డ్ టాలీ' అని ఊరుకుంటారు. వాక్యంలో తప్పేమీ లేదు. కాకపోతే వినేవాడికి కోర్సుకు వెళ్లొచ్చారని తెలుస్తుంది గానీ, పని వచ్చో రాదో తెలియదు. తెలుగులో 'నేర్చుకున్నానండీ' అంటే వచ్చనే అర్థం కాబట్టి మనకు ఆ లోటు కనిపించదు. ముందు వచ్చిన పని చెప్పండి, ఎక్కడ నేర్చుకున్నారో తర్వాత: 'యెస్, ఐ కెన్ ఎంటర్ బిల్స్ అండ్ ప్రిపేర్ జీఎస్టీ రిటర్న్స్. ఐ లెర్న్‌డ్ ఇట్ ఎట్ మై లాస్ట్ జాబ్.' టెన్షన్‌లో రెండో వాక్యం మర్చిపోయినా ఫర్వాలేదు, మొదటిది చాలు.

ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండా వినీ వినీ, చూసీ చూసీ వచ్చేసిన వాటికి 'పిక్ అప్' వాడండి. హైదరాబాద్‌లో ఆటోవాళ్లతో, పక్కింటివాళ్లతో మాట్లాడుతూ వచ్చిన హిందీకి 'ఐ పిక్‌డ్ అప్ హిందీ ఇన్ హైదరాబాద్' సరిగ్గా సరిపోతుంది. స్టేషన్లో చుట్టాలను పికప్ చేసుకోవడం, బండికి పికప్ లేకపోవడం మనకు బాగానే వచ్చు, ఈ మూడోది కూడా కలుపుకోండి. పిల్లలు బూతులు నేర్చుకొచ్చినప్పుడు కూడా ఇదే మాట.

ఇక పలకడం. జరిగిపోయిన పని చెప్పేటప్పుడు 'లెర్న్‌డ్' ఒక్క ఊపిరిలో రావాలి, 'లెర్నెడ్' అని సాగదీయకూడదు. సాగదీస్తే అది పండితుడు అనే ఇంకో మాట, కోర్టులో లాయర్లు ఎదుటి లాయర్‌ను 'మై లెర్నెడ్ ఫ్రెండ్' అంటారే, అది. చివర ఇ, డి బదులు టి పెట్టి 'లెర్న్‌ట్' అని రాయడం బ్రిటిష్ ఇంగ్లీషులో ఉంది, అమెరికావాళ్లు ఎక్కువగా 'లెర్న్‌డ్' అనే రాస్తారు. రెండూ ఒప్పే. రెజ్యూమెలో మాత్రం పైన ఒకటి, కింద ఒకటి రాయకండి.