తాతల పొలం ప్లాట్లు కాకుండా పంపకం రాసుకోవడం ఎలా?

పొలాలు కొని ప్లాట్లుగా అమ్మే వెంచరు వాళ్లు ఉమ్మడి పొలం మొత్తాన్ని ఒకేసారి అడగరు. అప్పుల్లో ఉన్న ఒక్క వారసుణ్ని పట్టుకుని, ఇంకా విడగొట్టని అతని వాటా రాయించుకుంటారు. తర్వాత విభజన దావా వేస్తారు. వాయిదాలకు తిరగలేక మిగతావాళ్లూ అమ్ముకుంటారు. ఊరి పక్కన హద్దురాళ్లు పడకముందే పంపకం రిజిస్టరు చేయించండి.

ముందు ఈసీ (ఆ భూమిపై జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), పాసుపుస్తకం, ఆంధ్రలో అయితే 1బి (యాజమాన్య రికార్డు), అడంగల్ (సాగు రికార్డు), తెలంగాణలో భూ భారతి రికార్డు తీసి విస్తీర్ణాలు సరిచూడండి. సర్వేయరుతో కొలిపించండి. పొలాన్ని రోడ్డు నుంచి లోపలికి నిలువుగానే పంచాలి. అడ్డంగా కోస్తే వెనక వాటాకు దారి ఉండదు, ముందుది అమ్ముడైతే వెనకదీ కొనేవాడు అడిగిన ధరకే పోతుంది. నిలువు కుదరకపోతే ట్రాక్టరు దారి, బోదె కొలతలతో సహా దస్తావేజులోకి ఎక్కాలి.

అసలు మెలిక అమ్మకం షరతు దగ్గరుంది. 'ఎవరూ ఎన్నటికీ అమ్మరాదు' అని రాయించుకుని నిశ్చింతగా కూర్చునేవాళ్లే ఎక్కువ. ఆస్తి అమ్ముకోకుండా పూర్తిగా కట్టేసే షరతు చెల్లదని 1882 ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షన్ చెబుతోంది. రాయాల్సింది నిషేధం కాదు, ముందు కొనే హక్కు: అమ్మదలిచినవాడు మొదట తోడబుట్టినవాళ్లను అడగాలి. అన్నదమ్ముల పంపకంలోని ఇలాంటి షరతును 1967లో సుప్రీంకోర్టు నిలబెట్టింది.

ఈ షరతు చెడేది ఎక్కువగా ధర దగ్గరే. 'మార్కెట్ ధరకు' అని రాస్తే ఏ మార్కెట్టో తేలదు. 'రిజిస్ట్రేషన్ విలువకు' అంటే అవసరంలో ఉన్నవాడు సంతకమే పెట్టడు. బయటివాడు రాతపూర్వకంగా ఇచ్చిన ధరకే, అతని అడ్వాన్సు బ్యాంకులో పడిన రుజువుతో అని రాయించండి. లేకపోతే దొంగ బేరం చూపించి రేటు పెంచుతారు. నోటీసు రాతలో ఇవ్వాలి, గడువు 90 రోజులు. నెల రోజుల్లో ఏ రైతూ ఎకరం డబ్బు పోగుచేయలేడు.

'అమ్మకం' అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. డెవలప్‌మెంట్ అగ్రిమెంటు (పొలం ఇచ్చి ప్లాట్లలో వాటా తీసుకునే ఒప్పందం), జీపీఏ (అన్ని పనులకూ ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ), దీర్ఘకాలిక లీజు కూడా పేరుపేరునా చేర్చండి, వెంచరు వాళ్లు వచ్చేది ఆ దారినే. వారసులకూ, కొన్నవాళ్లకూ షరతు వర్తిస్తుందన్న వాక్యం తప్పనిసరి.

పెళ్లయిందని ఆడపిల్లల సంతకాలు వదిలేస్తే పంపకం మొత్తం కోర్టుకెక్కుతుంది. విదేశాల్లో ఉన్నవాళ్లు ఈ ఒక్క పనికే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అది దేశంలోకి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్న పంపకం రిజిస్టరు కాకపోతే కోర్టులో పంపకానికి సాక్ష్యంగా సాధారణంగా పనికిరాదు. ట్రస్టు పెట్టమనేవాళ్లూ ఉంటారు. ఇద్దరు ట్రస్టీలకు పడకపోతే పొలం బీడే. వారసుడికి ముందు కొనే హక్కు హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్‌లో ఉందన్నది నిజమే, సాగుభూమికీ వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ అందులో ధర కుదరకపోతే తేల్చేది కోర్టే.

రిజిస్టరైన షరతు ఉన్నా సబ్‌రిజిస్ట్రారు అమ్మకాన్ని ఆపడు. కొన్నవాడు 'నాకు తెలియదు' అనే వీలు మాత్రం పోతుంది. షరతు మీరితే దావాకు గడువు ఏడాదే. అందుకే ఆరు నెలలకోసారి ఈసీ తీసి చూస్తుండాలి.